కంచం ముందు చెప్పిన మాట

మా ఓదెలు మామ పదకొండో దినం నాడు రామకృష్ణాపూర్‌లో, విస్తళ్ల ముందు కూర్చున్న వాళ్లందరికీ వినబడేటట్టు, ఆయన కొడుకు సంపత్ మళ్లీ ఆ పాత కథే ఎత్తుకున్నాడు. "మా పోశం మామ సంగతి మీకెరుకేనా? సొంత బామ్మర్దిని బాయి కాడ అగ్గిపెట్టెతోని పట్టిచ్చిండు. ఎంక్వైరీల నా దిక్కు మాట్లాడు బావా అని మా బాపు కాళ్లు పట్టుకుంటె, మాట్లాడ పో అన్నడు." పోశం మా నాన్న. మా దిక్కు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం, బొగ్గు గనిని బాయి అంటాం. ఇక్కడా అట్లాగే రాస్తాను. ఓదెలు మామ మా అవ్వకు తోడబుట్టిన తమ్ముడు. సంపత్ చెప్పిన ఆ రెండు ముక్కల్లో మూడు సంగతులున్నాయి. బాపు పట్టివ్వలేదు. మామ కాళ్లు పట్టుకోలేదు. మాట్లాడనన్న మాట ఒక్కటి నిజమే, అది ఎందుకన్నాడో మాత్రం సంపత్‌కు అక్కర్లేదు. ఇక మా ఇంటివైపు వాళ్లు చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. బాపు నికార్సైన మనిషి, కానూను ముందు బంధుత్వం చూడలేదు అని మా తమ్ముడు గొప్పగా చెప్తాడు. అది సంపత్ కథ కన్నా పెద్ద అబద్ధం. బాపు బంధుత్వం చూశాడు. రోజూ చూశాడు. అసలు గొడవంతా దాంతోనే వచ్చింది.

నేను లా కాలేజీలో పాఠాలు చెప్తాను కాబట్టి వాదన నా వృత్తిరోగం అనుకుంటారు బంధువులు. "వదినె ముందు నోరు తెరువద్దురా, క్లాసు పీకుతది" అని సంపత్ అననే అన్నాడు. వాదించడం నేను కాలేజీలో నేర్చుకోలేదు. గోదావరిఖనిలో మా కాలనీ క్వార్టర్‌లో, పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొడుతూ, మొగుడితో, కూరగాయలామెతో, మబ్బుతో, పొగతో ఎడతెగకుండా వాదించే మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను.

ఆ క్వార్టర్‌కు రెండే గదులు. సాయంత్రమైతే కాలనీ అంతా బొగ్గుల పొయ్యిలు బయట పెట్టి రాజేసేవాళ్లు. నిప్పు ఎర్రగా అయ్యేదాకా పొగ పోవాలి కదా, అందుకని వరసగా అన్ని గుమ్మాల ముందూ ఒకేసారి పొగ లేచి, ఇళ్ల మీద ఇంకో పైకప్పు లాగా పరుచుకునేది. ఆ వాసన ఉతికిన బట్టల్లో, మా జడల్లో, అటుకుల డబ్బాలో కూడా ఉండేది. దానికి పేరుందని, దాన్ని కాలుష్యం అంటారని కరెంటు ప్లాంటు వాళ్ల జ్యోతినగర్‌లో ఇంజనీర్ల పిల్లలతో చదవడం మొదలుపెట్టినాకనే నాకు తెలిసింది. మధ్యాహ్నాలు ఎక్కడో కింద బ్లాస్టింగ్ జరిగితే చెక్క మీద వరసగా పెట్టిన స్టీలు పళ్లాలు గలగలమనేవి. అవ్వ అటు చూడకుండానే చెయ్యి చాపి వాటిని సర్ది, ఆపిన మాటను ఆపిన చోట నుంచే అందుకునేది.

అందరి ఇళ్లకూ మగవాళ్లు నల్లగా వచ్చేవాళ్లు. సైరన్ మోగినాక కాసేపటికి కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనపడని మనుషులు కాలనీలోకి వచ్చి, నీళ్ల తొట్ల దగ్గర ఎర్ర సబ్బుతో రుద్దుకుని, మోరీల నిండా నల్లనీళ్లు పారించి, మెల్లగా ఎవరి మొఖం వాళ్లు తెచ్చుకునేవాళ్లు. మా బాపు మాత్రం తెల్లగా వచ్చేవాడు. లోపల పైకప్పు బొగ్గు పెళ్ల ఊడి ఆయన కాలి మీద పడింది. దవాఖానలో చాలా రోజులుండి లేచాక కాలు వంగలేదు. అప్పుడు కంపెనీ ఆయనకు బాయి మీద తేలికపని ఇచ్చింది. దిగేవాళ్లను ఆపి ఒళ్లు, జేబులు, నడుము, తలగుడ్డ, టిఫిన్ డబ్బా చూడటం. బీడీ గానీ అగ్గిపెట్టె గానీ కిందికి పోకూడదు. లోపల గ్యాస్ ఉంటే ఒక్క పుల్ల చాలు, షిఫ్టు మొత్తం బూడిదవుతుంది. ఈ పని అంటే బాపుకు చెప్పరాని గర్వం. "మేనేజరైనా సరే నా ముందటికొస్తె చేతులు మీదికి లేపాల్సిందే" అనేవాడు. ఆ పని ఆయన చేతుల్లో ఎంత ఇంకిపోయిందంటే పొద్దున బడికి పోయే మమ్మల్ని కూడా గుమ్మం దగ్గర ఆపి జేబులు తడిమేవాడు. చింతపండు దొరికేది, గోలీలు దొరికేవి. "అది బడి, బాయి కాదు! ఇడువు పొల్లను" అని లోపలి నుంచి అవ్వ అరిచేది. అందరి నాన్నల్లాగా నల్లగా రాని నాన్న అంటే నాకు కొంచెం నామోషీగా కూడా ఉండేది, పిల్లల బుద్ధి అట్లా ఉంటుంది.

ఓదెలు మామ అదే బాయిలో, ఎక్కువగా మొదటి షిఫ్టు. బావా బామ్మర్దులంటే మా దిక్కు వేళాకోళానికి హద్దుండదు. బాపు చెయ్యి పడగానే మామ కితకితలంటూ ఎగిరేవాడు. లైన్‌లో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. బావను ఆటపట్టించడానికి జేబులో ఏదో ఒకటి పెట్టుకుని పోయి, ఎగిరినప్పుడు కింద రాల్చేవాడు. ఒకరోజు ఎండుమిరపకాయ, ఒకరోజు బెల్లం ముక్క, తొలకరిలో అయితే డబ్బీలో ఎర్రటి ఆరుద్ర పురుగు. బాపు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక ఆ రోజు ముచ్చట చెప్పేవాడు. అన్నం తింటూ చెప్పే ఆ ముచ్చట్లే మాకు సినిమాలు. బయట సంగతి బయట, లోపల సంగతి లోపల అనే మనిషి, ఆ అన్నం తినేసేపు మాత్రం అన్నీ విప్పి చెప్పేవాడు. అట్లాంటి ఒక పూట, చారు పోయించుకుంటూ, నవ్వుతూ అవ్వతో అన్నాడు: "మీ తమ్మున్ని తడిమినట్టు చేసుడే కని నేను ఎన్నడు సరిగ చూడ. చెయ్యి వెట్టంగనే కోడిపిల్ల లెక్క ఎగురుతడు. ఇగ నడువు నడువు అంట." అవ్వ నవ్వింది. మేమూ నవ్వాం. లైన్‌లో నిలబడ్డవాళ్లకు కనపడేది బాపు చేతులు ఆడటమే. ఆ చేతులు ఊరికే ఆడుతున్నాయని మా ఇంట్లోనే తెలుసు.

ఆ రోజు మామ మధ్యాహ్నం కాకముందే మా ఇంటికి వచ్చాడు. తెల్లబట్టలతో, నలుపంటని మొఖంతో. అవ్వ ఆయన్ను చూసి చేతిలో చాట కింద పెట్టేసింది. ఆ వేళకు తెల్లమొఖంతో వచ్చే మనిషి ఏ వార్తతో వస్తాడో కాలనీలో అందరికీ తెలుసు.

"ఏమైందిరా?"

"ఏం కాలేదక్కా. మైసమ్మ తల్లి పెట్టె నా జేబులకొచ్చింది."

బాయి మొకాన మైసమ్మ గద్దె ఒకటుండేది. దిగేవాళ్లు ఊదుబత్తి ముట్టించి దండం పెట్టుకుని దిగేవాళ్లు. అందుకోసం గద్దె గూట్లో ఒక అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది. ఎవరు తెచ్చి పెట్టేవారో తెలియదు, అందరూ వాడేవాళ్లు. అగ్గిపుల్ల కనపడితే కొలువు పోయే చోట, అడుగు దూరంలో దేవత పేరు మీద అగ్గిపెట్టె ఉండటంలో తప్పేమీ ఎవరికీ తోచలేదు. ఆ పొద్దున మామ ఊదుబత్తి ముట్టించి, ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట్లాడుతూ పెట్టెను గూట్లో పెట్టబోయి జేబులో వేసుకున్నాడు. బాపు చెయ్యి పడింది. మామ అలవాటుగా ఎగిరాడు. పెట్టె కిందపడింది. దాన్ని చూసి బాపు ఏం చేశాడు? నవ్వాడు! అందులో ఏదో రొద పెట్టే పురుగున్నదనుకున్నాడు. వంగని కాలు పక్కకు చాపి, తంటాలు పడి కిందికి వంగి, పెట్టెను తీసి, అందరికీ కనపడేటట్టు పైకెత్తి, "ఇయ్యాల ఎవల పెండ్లి బామ్మర్దీ, సన్నాయి తెచ్చినవా?" అని చెవి దగ్గర ఊపాడు. లోపల పుల్లలు గలగలమన్నాయి. అందరూ నవ్వుతున్నారు. వాళ్ల వెనక, అదే లైన్‌లో, టోపీ లైటు పెట్టుకుని తన వంతు కోసం నిలబడిన కొత్త ఆఫీసరు ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

పట్టిచ్చాడంటాడు సంపత్. ఆటలో బంతి ఎత్తి చూపించినట్టు చూపించిన మనిషిని పట్టిచ్చాడంటే ఏమనాలి?

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో జరిగింది నేను తర్వాత చదివిన ఏ కోర్టు తీర్పు కన్నా తక్కువ కాదు. మామకు చార్జిషీటు వచ్చింది. ఎంక్వైరీ పెడతారు. కొలువు పోతే క్వార్టర్ పోతుంది. అప్పుడు సంపత్ చంకలో పిల్లాడు, అత్త మళ్లీ కడుపుతో ఉంది. మైసమ్మ గూట్లో అగ్గిపెట్టె సంగతి చెప్పమంటే బాయిలో ఒక్క మనిషి ముందుకు రాలేదు. చెడ్డవాళ్లై కాదు, చెప్తే కంపెనీ గద్దె దగ్గర ఊదుబత్తి ఆపిస్తుందని, తల్లికి కోపమొస్తుందని భయం. మామకు సాక్షి అన్నవాడు లేడు.

"అగ్గిపెట్టె ఎట్లొచ్చిందని అడుగుతె గద తెలిసేది" అంది అవ్వ.

"బాయి మొకాన ఎట్లొచ్చిందని అడుగరు. ఉన్నదా లేదా, అంతే" అన్నాడు బాపు. "గ్యాసు నీ మనసుల ఏమున్నదో అడుగుతదా?"

"అడుగది. ఒప్పుకుంట. లోపలికి పోకుంట ఆపుటానికి ఎవ్వని మనసు అడుగద్దు, ఆపు. కని కొలువు తీసేది గ్యాసు కాదు గద! మనిషి తీస్తుండు. మనిషి అడగాలె, ఎందుకు తెచ్చినవ్ రా అని. అడుగకుంట తీస్తె మనిషికి గ్యాసుకు ఫరకేంది?"

లా కాలేజీలో మొదటి ఏడాది, నేరానికి దుర్బుద్ధి ఉండాలా, ఉండక్కర్లేదా అనే అధ్యాయం చదువుతుంటే, నాకు పుస్తకంలో అచ్చు కనపడలేదు. రొట్టె మీద చెయ్యి ఆపి, పిండి వేలు బాపు వైపు చూపిస్తూ మాట్లాడుతున్న అవ్వ కనపడింది. నా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడుగుతారు, నియమానికీ సూత్రానికీ తేడా ఏంటి మేడం అని. నేను వాళ్లకు ఆ బాయి మొకమే చెప్తాను, పేర్లు మార్చి. అగ్గిపెట్టె దిగకూడదు, అది నియమం. అది చిన్నది, గట్టిది, గోడకు రాసిపెట్టొచ్చు. ఎందుకు దిగకూడదు, దిగబోయినవాడిని ఎంతదాకా దండించాలి, దండించే ముందు వాడి మాట వినాలా అనేవి గోడ మీద ఉండవు. అవి నియమం కింద ఉంటాయి, భూమి కింద బొగ్గున్నట్టు. కావాలనుకున్నవాడు దిగి తవ్వుకోవాలి. దిగినవాడికి పైకప్పు మీద పడే ప్రమాదమూ ఉంటుంది.

ఎంక్వైరీలో చార్జిషీటు వచ్చినవాడు తన పక్కన ఒక తోటి కార్మికుణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. ఫిర్యాదు కంపెనీది, విచారించే ఆఫీసరూ కంపెనీ మనిషే. తన తగువుకు తానే పెద్దమనిషిగా కూర్చోకూడదన్న సూత్రం అక్కడ ఎంత నిలుస్తుందని నేను క్లాసులో గంటసేపు కొట్లాడగలను. పక్కన ఒక మనిషి ఉంటాడన్నదే ఆ గదిలో కార్మికుడికున్న ఊపిరి. మామ ఎవరిని అడిగాడు? మా బాపును! మా గుమ్మంలో గొంతుక్కూర్చుని, ఎప్పటి వేళాకోళం గొంతుతోనే అడిగాడు. "బావా, పెట్టె ఎత్తి సూపిచ్చింది నువ్వే. ఇడిపిచ్చేది గూడ నువ్వే." కాళ్లు పట్టుకోవడం కాదు, బావ కాదనడని ధీమా. బామ్మర్ది బావను కాక ఇంకెవర్ని అడుగుతాడు?

బాపు వంగని కాలును చేత్తో పక్కకు జరుపుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఒక్క మనిషి రెండు కుర్సీల మీద ఎట్ల కూసుంటడు బామ్మర్దీ? నేను సాక్ష్యం చెప్పాలె. సాక్ష్యం చెప్పెటోడే నీ పక్కపొంటి కూసుంటె ఆ సాక్ష్యం ఎవడు నమ్ముతడు? నేను నీకు మంచిగ చెప్పినా చుట్టరికం అంటరు. నీకే నష్టం."

మామ మొఖంలో నవ్వు ఉన్నట్టే ఉండి గడ్డకట్టింది. లేచి వెళ్లిపోయాడు. ఇదీ 'మాట్లాడ పో అన్నడు' అనే కథ. బాపు అన్నది తప్పా? తప్పు కాదు. సాక్షి సాక్షిగానే ఉండాలి, వకీలు వకీలుగానే ఉండాలి. ఆ ఇద్దరినీ కలిపితే రెండు పనులూ చెడతాయి. ఇవాళ ఎవరడిగినా నేను అదే చెప్తాను. కానీ ఆ పూట నేను మామ వెనక వాకిలి దాకా పరుగెత్తి, ఆయన తిరిగి చూడకుండా పోతుంటే బాపు మీద కోపంతో ఏడ్చిన పిల్లను కూడా. సూత్రం సరైనదైనంత మాత్రాన అది తగిలినవాడికి నొప్పి ఉండదా?

మామ పోయినాక అవ్వ అరవలేదు. అదే భయమేసింది నాకు. "పక్కపొంటి కూసోకుంటె మానె. ఉన్నదున్నట్టు చెప్తవా?" అని అడిగింది.

"అడిగినదానికి చెప్త."

"అడుగనిదానికి?"

"అడుగనిది నేనెట్ల చెప్త? సాక్షికి నోరు సగమే ఉంటది." కంచంలో చెయ్యి కడుక్కుంటూ, "ఎవలన్న అడిగితె మాత్రం అబద్ధం చెప్ప" అన్నాడు.

అవ్వ ఆ కంచం తీసుకుపోయింది. ఆ తర్వాత ఎంక్వైరీ అయ్యేదాకా ఇద్దరి మధ్యా మాటల్లేవు. వేళకు అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, కంచం పెట్టిన చప్పుడే మాట.

మామ పక్కన కూర్చోవడానికి చివరికి, మేం కాకా అని పిలిచే కనకయ్య ఒప్పుకున్నాడు. మా వెనక క్వార్టర్ల లైన్‌లో ఉండేవాడు, వేరే యూనియన్. బాపుకూ ఆయనకూ పొసగేది కాదు. యూనియన్ ఎన్నికలప్పుడు ఒకరి గుమ్మం ముందు నుంచి ఇంకొకరు పోకుండా చుట్టు తిరిగి పోయేవాళ్లు. ఎంక్వైరీ గదిలో ఏం జరిగిందో మామే మర్నాడు వచ్చి చెప్పాడు. బాపు డ్యూటీకి పోయాడు. అవ్వ పొయ్యి మీద పప్పు తిప్పుతోంది. ఎప్పుడూ అందరి గొంతులూ ఎత్తి చూపించి నవ్వించే మామ, ఆ రోజు కూడా గొంతులు ఎత్తాడు కానీ ఎవరూ నవ్వలేదు.

"సారు అడిగిండు, పోశం, నీ తనిఖీల అగ్గిపెట్టె దొరికిందా అని. దొరికింది సార్ అన్నడు బావ. నా పానం పోయిందక్కా. ఇగ కనకయ్య లేషిండు. పోశం, నువ్వు ఓదెలు జేబుల చెయ్యి వెట్టి తీసినవా, అదే కింద వడ్డదా అన్నడు. కింద వడ్డది అన్నడు. ఓదెలును రోజు అందరి లెక్కనే చూస్తవా అన్నడు. బావ తల వంచుకున్నడు. కనకయ్య మల్ల అడిగిండు: నువ్వు ఓదెలును ఒక్కనాడన్న సరిగ చూసినవా, లేకుంటె తడిమినట్టు చేసి పంపుతవా?"

"ఏమన్నడు?" అంది అవ్వ. గరిటె ఆగలేదు.

"ఎన్నడు చూడలె సార్, అన్నడు. తడిమినట్టు చేసుడే, చుట్టమని ఇడిసిపెడుత, అన్నడు. బావ ఎంత పని చేసిండే! తన మెడకు తనే తాడేసుకున్నడు. అయినా గా ముచ్చట కనకయ్యకు ఎవలు చెప్పిండ్రో. లైన్‌ల ఉన్నోళ్లకే కాదు, కితకితలకు ఎగిరే నాకు గూడ తెల్వది."

"ఎవరో ఒకరు చెప్పి ఉంటరు" అంది అవ్వ, పప్పు దించుతూ.

ఆ జవాబుతో కంపెనీ కేసు నడుం విరిగింది. దాచి తీసుకుపోవాలనుకున్నవాడు, తనను ఎన్నడూ చూడని మనిషి ముందు ఎగిరి కిందేసుకుంటాడా అని కనకయ్య అడిగాడట. చూడాల్సినవాడు చూడని తప్పు కూడా మామ ఒక్కడి నెత్తినే వెయ్యడం ఏ న్యాయం అని అడిగాడట. తప్పు ఒక్కడి మీద ఉంటే కొలువు తీసేయడం తేలిక. ఇద్దరి మీద పడేసరికి తీర్పు రాసే చెయ్యి కూడా తడబడింది. మామను కొన్నాళ్లు సస్పెండ్ చేసి మళ్లీ తీసుకున్నారు. బాపును తనిఖీ నుంచి తీసేసి కర్రల యార్డుకు వేశారు. గని పైకప్పుకు ఆసరాగా పెట్టే దుంగలు దించడం, మోయడం, పేర్చడం. వంగని కాలితో.

మామ కొలువు నిలబడింది. సంపత్ ఆ కొలువు తిండి తినే పెరిగాడు, ఆ కొలువు డబ్బుతోనే చదివాడు. ఇదంతా విస్తరి ముందు చెప్పమంటే చెప్పడు.

ఆ తర్వాత మా సాయంత్రాలు మారిపోయాయి. బాపు యార్డు నుంచి వచ్చి, బొగ్గు నలుపుకు బదులు చెక్కపేడు, జిగురు వాసనతో గుమ్మంలో కూర్చుని కాలు చాపేవాడు. అవ్వ నువ్వులనూనె వేడి చేసి, మోకాలి నుంచి మడమ దాకా రుద్దేది. రోజూ. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, ఇద్దరూ పోట్లాడుకున్న రోజు కూడా నోటితో పోట్లాడుతూనే చేత్తో రుద్దేది. మెల్లగా మాటలు మళ్లీ మొదలయ్యాయి. ధరలు, చదువులు, వాన. ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. కంచం ముందు కూర్చుని బాపు బయటి ముచ్చట చెప్పడం మానేశాడు. అన్నం తినేవాడు, లేచేవాడు. యార్డు పని అలసట అనుకున్నాను నేను. ఎన్నో ఏళ్లు అట్లాగే అనుకున్నాను.

ఇవాళ ఆ బాయి మూతపడింది. ఆ పక్కనంతా పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు. మైసమ్మ గద్దె ఉన్న చోట మట్టిగుట్ట ఉంది, దాని మీద తుమ్మచెట్లు మొలిచాయి. మనిషిని ఆపి చేతులెత్తమని తడిమే చోట్లలో ఇప్పుడు కెమెరాలు, మిషన్లు వచ్చాయి. వాటికి బామ్మర్దులు లేరు. అందరినీ ఒకేలా చూస్తాయి, నిజమే, నేను కాదనను. నా విద్యార్థులు దాన్నే సమానత్వం అంటారు. ముఖం చూడకపోవడం వేరు, ఎదురుగా ఉన్నది మనిషని మరిచిపోవడం వేరు అని నేను వాళ్లతో కొట్లాడుతుంటాను. కొట్లాటలో ఎప్పుడూ నేనే గెలుస్తాను, మార్కులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి.

దినం భోజనాలయ్యాక రేకుల పందిరి కింద కుర్చీలో కూర్చుని అవ్వ వక్క నములుతోంది. తమ్ముడు పోయిన దుఃఖంతో మొఖం వాచి ఉంది. నేను ఆగలేకపోయాను. "సంపత్ అంత మాటంటుంటె నువ్వు ఎందుకు సప్పుడు చెయ్యకుంట కూసున్నవవ్వా? బాపు తన పని పోగొట్టుకుని మామను కాపాడిండని చెప్పొచ్చు గద!"

"పోనీ తియ్యే. తండ్రి సచ్చినోడు, ఎవన్నో ఒకన్ని తిట్టుకోవాలె."

"తిట్టాల్సినోళ్లను తిట్టమను."

"అయితె నన్నే తిట్టాలె" అంది అవ్వ. వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "కనకయ్యకు చెప్పింది నేనే. మీ బాపు డ్యూటీకి పోయినంక, జల్లెడ కావాల్నని వాళ్లింటికి పోయి, వాని పెండ్లాం ముందట్నే చెప్పిన. గిట్ల గిట్ల అడుగు, ఆయన అబద్ధం చెప్పడు అని."

సాక్ష్య చట్టంలో ఒక మాట ఉంది; నేను దాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్తున్నాను. సంసారంలో మొగుడు పెళ్లాంతో చెప్పిన మాటను, పెళ్లాం మొగుడితో చెప్పిన మాటను కోర్టు బయట పెట్టించదు. నిజం బయటికి రాకపోయినా ఫరవాలేదు, ఇంట్లో ఇద్దరు మనుషులు భయం లేకుండా మాట్లాడుకునే చోటు ఒకటి మిగలాలి అని. నిజం కన్నా పెద్దదొకటి ఉందని చట్టం ఒప్పుకునే అతి కొద్ది చోట్లలో అదొకటి. ఎంక్వైరీకి ఆ చట్టం అక్షరాలా వర్తించకపోవచ్చు, కానీ ఆ సూత్రానికి ఎంక్వైరీ అయితేనేం, కోర్టయితేనేం? ఇదంతా నేను అవ్వకు చెప్పాను. గొంతు కొంచెం పెరిగిందనుకుంటా, అవతల గిన్నెలు తోముతున్న అత్త తలెత్తి చూసింది.

అవ్వ శ్రద్ధగా వింది. "అంటె కోర్టు నన్ను అడుగద్దు. కని నా అంతట నేను చెప్తె?"

"చెప్పద్దు. నీ అంతట నువ్వు చెప్పినా చెల్లది. ఆ మాట ఎవలు చెప్పిండ్రో వాళ్లు ఒప్పుకుంటె తప్ప."

"అట్లనా" అంది. చాలాసేపు తమ్ముడి ఫోటో పెట్టిన పీట వైపు చూసింది. "మరి మీ బాపు ఒప్పుకున్నడో లేదో నీకేమెరుక?"

"ఒప్పుకున్నడా?"

అవ్వ లేచి, వక్క ఊసి రావడానికి గోడ దాకా పోయింది. అక్కడ నుంచి అటే, గిన్నెలు తోముతున్న అత్త దగ్గరికి పోయి పక్కన కూర్చుంది. సాయంత్రం బయలుదేరేటప్పుడు మళ్లీ అడిగాను. "బస్సు పోతది, నడువు" అంది. గోదావరి బ్రిడ్జి మీద బస్సులో మళ్లీ అడిగాను. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది. నోటికి తాళమన్నది ఎరగని మనిషి, నాకున్న నోరంతా ఎవరిచ్చారో ఆ మనిషి, ఈ ఒక్కటి చెప్పదు.

బాపు పోయి చాలా కాలమైంది. ఆయనకు తెలియకుండా జరిగితే, తన ఇంట్లో నుంచి, తన కంచం ముందు నుంచి పోయిన మాట అది అని ఆ గదిలో తల వంచుకున్నప్పుడే ఆయనకు అర్థమై ఉండాలి. ఇంకెవరికీ చెప్పలేదు కదా. అర్థమయ్యే ఆ తర్వాత కంచం ముందు నోరు మెదపలేదని ఒక రోజు అనుకుంటాను. మర్నాటికి, అట్లాంటి మనిషి అన్నేళ్లు ప్రతి సాయంత్రం ఆమె ముందు ఆ కాలు చాపుతాడా అని నాతో నేనే కొట్లాడతాను. నాకు సంపత్ కథ వద్దు, మా తమ్ముడి కథ వద్దు, అవ్వ చేసింది తప్పని ఎవరి తీర్పూ వద్దు. నాకు కావాల్సింది ఒక్కటే. అవ్వ జల్లెడ పేరు చెప్పి ఆ గడప దాటిన పొద్దున, ఆమె ఎక్కడికి పోతోందో బాపుకు తెలుసా, తెలిసీ పోనిచ్చాడా?